పెద్ద వాక్యం – చిన్న వాక్యం
(రాసినదాన్ని తిరిగి దిద్దుకునే పద్ధతిపై ఒక పాఠం)



సంచికలో పాటలు, జోకులు, జ్ఞాపకాలు ఎన్ని ఉన్నా, చదువుకు పనికివచ్చే పాఠం ఒకటైనా ఉండాలని మా కోరిక. ఈసారి మేము ఎంచుకున్న విషయం చూడడానికి చాలా చిన్నది. అదే వాక్యం పొడవు. రాసేటప్పుడు దీన్ని ఎవరూ పట్టించుకోరు. రాసిన తర్వాత తిరిగి చదువుకుని దిద్దుకునేటప్పుడు మాత్రం అందరం పట్టించుకోవాలి. ఎందుకో, ఎలాగో ఈ పాఠంలో చెప్పుకుందాం.

మనకు ఇది ఎందుకు అవసరం?

మనలో చాలామంది ఇళ్ళలో మొదట కలం పట్టింది మనమే. ఊళ్ళో ఎవరికి పింఛను రాకపోయినా, ఇంటి స్థలం పట్టా కావాలన్నా, స్కాలర్‌షిప్పు ఆగిపోయినా, "బాబూ, ఒక అర్జీ రాసిపెట్టు" అని మన దగ్గరకే వస్తారు. రాసిస్తాం. ఆ తర్వాత ఆ కాగితం ఎన్నో బల్లలు మారుతుంది. దాని వెంట మనం ప్రతి బల్ల దగ్గరకూ వెళ్ళి "అయ్యా, దీని అర్థం ఇది" అని చెప్పలేం. మన బదులు మాట్లాడవలసింది ఆ కాగితమే.

డాక్టర్ అంబేడ్కర్ 1920లో ఒక పత్రిక స్థాపించి దానికి 'మూక్‌నాయక్' అని పేరు పెట్టారు. నోరు లేనివారి నాయకుడు అని ఆ మాటకు అర్థం. నోరు లేనివారికి కాగితమే నోరు అని ఆయన గ్రహించారు. మనం రాసే అర్జీ అయినా, పరీక్షలో రాసే వ్యాసమైనా ఆ నోటి పనే చేస్తుంది. అది ఊపిరి తిప్పుకోకుండా గబగబా అప్పగించినట్టు ఉంటే వినేవాడికి ఏదీ నిలవదు. ముక్కలు ముక్కలుగా ఉంటే చెప్పేవాడికి విషయం తెలియదేమో అనిపిస్తుంది.

తెలుగు వాక్యం ఎందుకు పొడవవుతుంది?

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ఆ క్రియ వచ్చేదాకా చదివేవాడు ఆగి ఉండాలి. దానికి తోడు మన భాషలో అసమాపక క్రియలు ఉన్నాయి. 10వ తరగతి వ్యాకరణంలో మనం చదివినవే, ఒకసారి గుర్తు చేసుకుందాం.

వెళ్ళి, తిని, చూసి – ఇవి క్త్వార్థకాలు.
వెళ్తూ, తింటూ, చూస్తూ – ఇవి శత్రర్థకాలు.
వెళ్తే, తింటే, చూస్తే – ఇవి చేదర్థకాలు.

ఇవి పూర్తి కాని పనులు. వీటిని ఎన్నింటినైనా వరసగా తగిలించుకుంటూ పోవచ్చు, వాక్యం తప్పు కాదు. చివర ఒక్క సమాపక క్రియ ఉంటే చాలు. అందుకే మనం చెప్పాలనుకున్నదంతా ఒకే వాక్యంలోకి వచ్చి చేరుతుంది. అలా అసమాపక క్రియలతో తయారైనది సంక్లిష్ట వాక్యం. సమానమైన రెండు వాక్యాలను "కాని", "కాబట్టి", "మరియు" వంటి మాటలతో కలిపితే సంయుక్త వాక్యం. ఒకే సమాపక క్రియతో సూటిగా ఉన్నది సామాన్య వాక్యం.

"ఈ కింది సామాన్య వాక్యాలను సంక్లిష్ట వాక్యంగా మార్చండి" అనే ప్రశ్నకు మార్కు తెచ్చుకుని ఆ పాఠాన్ని మనం అక్కడే వదిలేస్తాం. నిజానికి ఆ పాఠం మన చేతికి ఇచ్చిన పనిముట్టు. చిన్న వాక్యాలు కలిపి పెద్దది చేయడం, పెద్దదాన్ని విడగొట్టి చిన్నవి చేయడం వచ్చినవాడికి దిద్దుకోవడం సగం వచ్చినట్టే.

తాటాకుల మీద రాసిన కాలంలో పదానికీ పదానికీ మధ్య ఖాళీ కూడా వదిలేవారు కాదు. ఎక్కడ ఆగాలో చదివే పండితుడే తెలుసుకునేవాడు. వాక్యం చివర చుక్క పెట్టడం అచ్చు పుస్తకాలతో మనకు అలవాటైంది. ఇప్పుడు ఎక్కడ ఆగాలో చెప్పవలసిన బాధ్యత రాసేవాడిది.

మన ధవళేశ్వరంలోనే ఒక ఉదాహరణ

కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1848లో రాజమండ్రిలో జన్మించారు. 1874లో ఆయన మన ధవళేశ్వరంలో పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. ఆ ఏడాదే ఇక్కడ బాలికల పాఠశాల స్థాపించారు. 'వివేకవర్ధని' పత్రిక ప్రారంభించింది కూడా ఆ ఏడాదే.

పంతులు గారు మొదట్లో రాసినవి కష్టమైన రచనలు. పెదవులు కలిస్తే పలికే అక్షరాలు ఒక్కటి కూడా లేకుండా కావ్యం రాయడం వంటి సాములు చేశారు. వచనంలో పరవస్తు చిన్నయసూరి బాట పట్టారు. సూరి గారు 1853లో వెలువరించిన 'నీతిచంద్రిక'లో మిత్రలాభం, మిత్రభేదం మాత్రమే ఉన్నాయి. మిగిలిన విగ్రహం, సంధి భాగాలను వీరేశలింగం గారు అదే గ్రాంథిక ఫక్కీలో రాశారు.

పత్రిక నడపడం మొదలయ్యాక పరిస్థితి మారింది. పత్రిక చదివేవారందరూ పండితులు కారు. అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న ఆడపిల్లలకు, చిన్న ఉద్యోగులకు, వ్యాపారులకు కూడా అది అందాలి. లంచాలను, బాల్యవివాహాలను, మూఢనమ్మకాలను విమర్శించాలంటే చదివినవాడికి వెంటనే తెలియాలి. ఆయన వచనం క్రమంగా తేలికపడుతూ వచ్చింది. 1878 నుంచి వివేకవర్ధనిలో వెలువడి 1880లో పుస్తకంగా వచ్చిన 'రాజశేఖర చరిత్రము' ధవళేశ్వరంలోనే మొదలవుతుంది. గోదావరి ఎక్కడో పడమటి కనుమల్లో పుట్టి ఇక్కడికి రావడాన్ని వర్ణించే చోట వాక్యం కూడా నదిలాగే దూరం నడుస్తుంది.

చివరికి 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వ్యావహారిక భాష కోసం ఒక సమాజం ఏర్పడినప్పుడు, గిడుగు రామమూర్తి పంతులు గారితో కలిసి పనిచేస్తూ దానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఆ సంవత్సరం మే నెలలోనే కన్నుమూశారు. గ్రాంథికంలో ఆరితేరిన మనిషి జీవితం చివర వాడుక భాష పక్షాన నిలిచారు. ఎవరి కోసం రాస్తున్నామో తెలిస్తే వాక్యం దానంతటదే మారుతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఒక అర్జీని దిద్ది చూద్దాం

ఇది కేవలం పాఠం కోసం కల్పించిన అర్జీ. ఒక హాస్టల్లో బోరు మోటారు కాలిపోయిందనుకుందాం. విద్యార్థులు ఇలా రాశారు:

"అయ్యా, మా హాస్టల్లో 80 మంది విద్యార్థులం ఉంటూ చదువుకుంటుండగా 12 రోజుల క్రితం బోరు మోటారు కాలిపోయి నీళ్ళు రాక మేము తెల్లవారుజామున లేచి కాలువ దగ్గరకు వెళ్ళి బకెట్లతో నీళ్ళు తెచ్చుకుని స్నానాలు చేసి బడికి వెళ్ళేసరికి మొదటి పీరియడు అయిపోతూ 10వ తరగతి పరీక్షలు దగ్గరపడినందున చదువు దెబ్బతింటూ ఉన్నందువల్ల తమరు దయచేసి మోటారు బాగుచేయించగలరని కోరుచున్నాము."

మొత్తం 44 మాటలు, ఒకే వాక్యం. ఇందులో అబద్ధం లేదు, వ్యాకరణం కూడా దాదాపు సరిగానే ఉంది. అయినా ఏమి కావాలో తెలియాలంటే 44వ మాట దాకా ఆగాలి. మోటారు కాలిపోవడం, పరీక్షలు దగ్గరపడడం, స్నానాలు చేయడం అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఏది ముఖ్యమో కాగితం చెప్పడం లేదు.

"చిన్న వాక్యాలు రాయండి" అని మాస్టారు చెప్పారనుకుందాం. వెంటనే ఇలా మార్చారు:

"మా హాస్టల్లో 80 మందిమి ఉన్నాము. బోరు మోటారు కాలిపోయింది. 12 రోజులైంది. నీళ్ళు రావడం లేదు. కాలువకు వెళ్తున్నాము. బకెట్లతో నీళ్ళు తెస్తున్నాము. బడికి ఆలస్యమవుతోంది. పరీక్షలు దగ్గరపడ్డాయి. మోటారు బాగుచేయించండి."

ఇప్పుడు తొమ్మిది వాక్యాలు. ఏ ఒక్కదానిలోనూ ఐదు మాటలకు మించి లేవు. అర్థమవుతోంది, కాని ఒకటో తరగతి వాచకంలా ఉంది. నీళ్ళు తేవడానికీ, బడికి ఆలస్యం కావడానికీ ఉన్న సంబంధం తెగిపోయింది. ఇక్కడ కూడా అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. అంటే మొదటిదానిలో ఉన్న జబ్బే ఇక్కడా ఉంది.

మూడోసారి దిద్దితే:

"అయ్యా, మా హాస్టల్లో 12 రోజులుగా నీళ్ళు లేవు. బోరు మోటారు కాలిపోయింది. 80 మంది విద్యార్థులం తెల్లవారుజామునే లేచి, కాలువకు వెళ్ళి, బకెట్లతో నీళ్ళు తెచ్చుకుని, స్నానాలు చేసి బడికి చేరేసరికి మొదటి పీరియడు అయిపోతోంది. మాలో 10వ తరగతి వారికి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఈ వారంలోగా మోటారు బాగుచేయించవలసిందిగా కోరుతున్నాము."

మాటలు లెక్కపెట్టండి. 7, 3, 17, 6, 5. మొదటి వాక్యంలోనే కష్టం ఏమిటో తెలిసిపోయింది. రెండోది కారణం, మూడే మాటల్లో. మూడోది ఎందుకు పొడవుగా ఉంది? ఆ పని పొడవైనది కాబట్టి. లేచి, వెళ్ళి, తెచ్చుకుని, చేసి అని చదువుతుంటే అధికారి కూడా మనతో పాటు కాలువ గట్టు దాకా నడిచి వస్తాడు. ఆ నాలుగు పనులూ చేసేది ఒకే కర్త, విద్యార్థులు. అందుకే అవి ఒకే వాక్యంలో ఇమిడాయి. చివర కోరిక, గడువుతో సహా, మళ్ళీ చిన్న వాక్యంలో ఉంది.

దీని నుంచి మనం నేర్చుకోవలసినది ఇదే. పొడవు మార్చడం అందం కోసం చేసే పని అనుకోవద్దు. ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న పనులకు పెద్ద వాక్యం ఇవ్వాలి. చదివేవాడి మనసులో నిలవవలసిన మాటకు చిన్న వాక్యం ఇవ్వాలి. బ్యారేజి మీద వరదను చూసి గేట్లు ఎత్తుతారు, దించుతారు. అన్నీ ఎత్తి ఉంచితే కాలువలకు నీరు ఎక్కదు, అన్నీ దించి ఉంచితే ఊళ్ళు మునుగుతాయి. వాక్యాల సంగతీ అంతే.

పరీక్ష వ్యాసంలో

ఇప్పుడు మనందరం ఏదో ఒక తరగతిలో రాసిన వ్యాసం తీసుకుందాం:

"ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట కట్టారు. దానిని కాటన్ కట్టించారు. దాని పని 1847లో మొదలైంది. అది 1852లో పూర్తయింది. దాని స్థానంలో బ్యారేజి వచ్చింది. అది 1982లో పూర్తయింది. దానికి 175 గేట్లున్నాయి."

సంవత్సరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. కాని "దానిని, దాని, అది, దాని, అది, దానికి" అని వరసగా వస్తున్నాయి. వరసగా మూడు వాక్యాలు ఇలాంటి మాటతో మొదలైతే వాటిని కలపవచ్చని గుర్తు. కలపడానికి "మొదలైంది" అన్న క్రియను "మొదలైన" అని విశేషణంగా మారిస్తే చాలు:

"కరువులతో, వరదలతో అల్లాడిన గోదావరి డెల్టాకు సాగునీరు ఇవ్వడానికి సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. పంట చేలు పచ్చబడ్డాయి. పాత ఆనకట్ట స్థానంలో 175 గేట్లతో కట్టిన నేటి బ్యారేజి 1982లో పూర్తయింది."

17 మాటలు, 3 మాటలు, 10 మాటలు. మార్కులకు ఇది చాలు. కాని ఇక్కడ ఆగకుండా ఇంకొక్క మాట చెప్పాలనుకుంటున్నాము. రెండు పెద్ద వాక్యాల మధ్య ఉన్న ఆ చిన్న వాక్యం పీట లాంటిది. దాని మీద ఎవరిని కూర్చోబెడితే చదివేవాడికి వారే గుర్తుంటారు. "పంట చేలు పచ్చబడ్డాయి" అన్న చోట "రాళ్ళు మోసింది వేలాది కూలీలు" అని రాసి చూడండి. నాలుగే మాటలు. వ్యాసం మొత్తం మారిపోయింది. కాటన్ గారి పేరు తగ్గలేదు, మన తాతముత్తాతల వంటి వారి చెమట కూడా కాగితం మీదకు వచ్చింది. అదే మాటను 30 మాటల వాక్యం మధ్యలో పెడితే ఎవరి కంటా పడదు.

ఏది చిన్న వాక్యంలో పెట్టాలో నిర్ణయించడం అంటే ఏది ముఖ్యమో నిర్ణయించడం. ఇంతకాలం మన గురించి ఇతరులు రాసిన వాక్యాల్లో మనం మధ్యలో ఎక్కడో ఉన్నాం. ఇప్పుడు కలం మన చేతిలో ఉంది.

దిద్దుకునే పద్ధతి

1. మొదటిసారి రాసేటప్పుడు పొడవు గురించి ఆలోచించవద్దు. మనసులో ఉన్నదంతా ముందు కాగితం మీద పెట్టండి. పరీక్షలో అయితే చివర ఐదు నిమిషాలు, అర్జీ అయితే ఒక రాత్రి వదిలి, తర్వాత దిద్దండి.

2. ప్రతి వాక్యం చివర పెన్సిల్‌తో మాటల లెక్క వేయండి. 18, 20, 19, 22 అని వస్తే అన్నీ పెద్దవే. 4, 5, 4, 3 అని వస్తే అన్నీ చిన్నవే. అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటే మంచి గుర్తు. ఇన్నే మాటలు ఉండాలన్న చట్టం ఏదీ లేదు.

3. పెద్ద వాక్యంలో అసమాపక క్రియల కింద గీత గీయండి. ప్రతి పనీ ఎవరు చేశారో అడగండి. కర్త మారిన చోట సాధారణంగా చుక్క పెట్టవచ్చు. పైన మొదటి అర్జీలో మోటారు కాలింది, నీళ్ళు రాలేదు, మేము లేచాము, పీరియడు అయిపోయింది. నలుగురు కర్తలు ఒకే వాక్యంలో తోసుకుంటున్నారు.

4. "అయితే", "కాబట్టి", "అందువల్ల", "మరియు" అన్న మాటల దగ్గర ఆగండి. అక్కడ వాక్యం విడిపోతుందేమో చూడండి. "మరియు" ఎక్కువగా ఇంగ్లీషు నుంచి అనువాదం చేసే అలవాటు వల్ల వస్తుంది. దాన్ని తీసేసి "అన్నం, పప్పు" అనో, "అన్నమూ పప్పూ" అనో రాస్తే సరిపోతుంది.

5. చదివేవాడు ఒక్కటే గుర్తుంచుకుంటాడనుకుంటే ఏది గుర్తుండాలి? దాన్ని అన్నింటికన్నా చిన్న వాక్యంలో పెట్టండి. పేజీకి అలాంటివి ఒకటో రెండో చాలు. ప్రతి వాక్యాన్నీ అలా చేస్తే అన్నీ అరుపులే అవుతాయి.

6. పైకి చదవండి. ఇది అన్నింటికన్నా ముఖ్యమైనది. మన కోనసీమలోని మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారు 'పాలేరు' నాటకం రాశారు. పాలేరు కుర్రాడు చదువుకుని పైకి రావడం దాని కథ. నాటకంలో మాట నటుడి ఊపిరికి సరిపోవాలి, వెనక కూర్చున్నవాడికి వినపడాలి. మనం రాసినదీ అలాగే ఉండాలి. చదువుతుంటే ఊపిరి అందకపోతే వాక్యం విడగొట్టండి. మాటిమాటికీ ఆగవలసి వస్తే కలపండి.

ఫోన్లు లేని రోజుల్లో హాస్టల్ పిల్లలు ఇంటికి ఉత్తరాలు రాసేవారు. అమ్మానాన్నలకు చదవడం రాకపోతే పక్కింటివారో, పోస్టుమానో చదివి వినిపించేవారు. అందుకని ఆ ఉత్తరాలు చెవికి తెలిసేలా ఉండేవి. "నేను బాగున్నాను. మీరు బాగున్నారని తలుస్తాను." అన్న ఆ రెండు చిన్న వాక్యాలు విన్నాకే తల్లికి మిగతా ఉత్తరం మీద మనసు నిలిచేది. ఈ విద్య మనకు కొత్తది కాదని చెప్పడానికే ఇది రాశాము.

అభ్యాసం

ఒకటి: గ్రంథాలయంలో 'రాజశేఖర చరిత్రము' దొరికితే మొదటి పేజీలో ఐదు వాక్యాలకు మాటల లెక్క వేయండి. తర్వాత పాత్రలు మాట్లాడుకునే పేజీ తీసి అక్కడా లెక్క వేయండి. రెండు లెక్కలూ పక్కపక్కన రాసి తేడా చూడండి.

రెండు: మీ ఊరి సమస్య ఒకటి తీసుకుని ఒకే వాక్యంలో రాయండి. దాన్నే అన్నీ చిన్న వాక్యాలుగా రాయండి. మూడోసారి కలిపి, విడగొట్టి రాయండి. ముగ్గురు స్నేహితులకు చదివి వినిపించి, ఏది గుర్తుందో అడగండి.

మూడు: 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు నమూనా రాయండి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు పంపే దరఖాస్తు సాధారణంగా 500 మాటలు దాటకూడదని 2012 నియమాలు చెబుతున్నాయి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో వాక్యం చొప్పున రాస్తే జవాబు దాటవేయడం కష్టం. ఉపోద్ఘాతం మాత్రం ఒక పెద్ద వాక్యంలో ఇమిడ్చి చూడండి.

తమ్ముళ్ళూ, మంచి అక్షరాలు ఉన్నవారందరూ మంచిగా రాస్తారని లేదు. రాసినదాన్ని రెండోసారి చదివే ఓపిక ఉన్నవారు తప్పకుండా బాగా రాస్తారు. ఆ ఓపికకు డబ్బు అక్కర్లేదు, సిఫారసు అక్కర్లేదు. ఒక పెన్సిల్ చాలు. రేపు మీ ఊళ్ళో ఎవరో వచ్చి అర్జీ రాసిపెట్టమంటారు. రాయండి. దిద్దండి. పైకి చదివి వాళ్ళకే ముందు వినిపించండి. "అవును బాబూ, నేను చెప్పాలనుకున్నది ఇదే" అని వాళ్ళు అన్న తర్వాతే సంతకం పెట్టించండి.

పరీక్షలు రాసే తమ్ముళ్ళందరికీ విజయం కలగాలని కోరుకుంటూ,

మీ
పూర్వ విద్యార్థులు